నలభై సెకన్లు

కంపెనీ పేరు రాయను. కేసు నడుస్తోంది.
మిషన్ పేరు మాత్రం చెప్పచ్చు, అది ఇప్పుడు ఎవరిదీ కాదు:
ఒక్కచుక్క.
అనంతపురం సాయినగర్‌లో, స్కానింగ్ సెంటర్ మీది అంతస్తులో
తెల్లకోటు తొడుక్కుని మూడేండ్లు దాని పక్కన నిలబడినాను.

వేలికొన మీద ఒక్క చుక్క చాలు,
షుగరు, కిడ్నీ, గుండె, ఇంకా పుట్టని పుండును కూడా
పేరు పెట్టి పిలుస్తుందన్నారు.
రెండువందల పన్నెండు మందిలో
అది పిలిచింది ముప్పై ఒక్కరిని,
అందులోనూ కొందరిని వేరేవాళ్ల పేర్లతో.
మిగిలిన సీసాలు ప్లైవుడ్ గోడ వెనక్కి పోయేవి.
అక్కడొక పాత యంత్రం మూలుగుతూ
కొత్తదాని పేరు మీద కూలి చేసేది.

కూడేరు దగ్గర మా నాయన నాలుగు బోర్లు వేయించినాడు.
నీళ్లు చూసే ఎర్రిస్వామి
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని
చెప్పుల్లేకుండా చేనంతా తిరిగేవాడు.
టెంకాయ లేచి నిలబడిన చోట సున్నం చల్లేవాడు.
నాలుగు చోట్లా లేచింది.
నాలుగు చోట్లా దుమ్మే వచ్చింది.
చదువుకున్నదాన్ని కదా,
నవ్వేదాన్ని.

మీటింగు బళ్లారి రోడ్డు ఫంక్షన్ హాల్లో.
బాదం పాలు, ఏసీ, గోడంత తెర.
తెర మీద పట్టీ ఎక్కుతోంది, ఎక్కుతోంది,
తొంభై ఆరు దగ్గర ఆగింది.
కింద చూస్తే గీత సున్నాలో మొదలవలేదు,
తొంభైలో మొదలైంది.
మెట్లన్నీ కోసేసి మిద్దె మాత్రం చూపిస్తున్నారు.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ముక్క:
ఇవి ప్రాథమిక ఫలితాలు.
ఆ ముక్క కింద ఎవరి సంతకమూ లేదు.
తొంభై ఆరు కింద నాది ఉంది.

రాయదుర్గంలో జీన్స్ కుట్టించే తిప్పేరుద్రప్ప లేచినాడు.
ముప్పై కుట్టుమిషన్లు, రెండు షిఫ్టులు,
ఏ సబ్బుకూ లొంగని నీలిరంగు చూపుడువేలు.
"అమ్మణ్ణీ, నాది చూడు" అని ఆ వేలే చాచినాడు.
గుచ్చినాను.

పచ్చ లైటు వెలగడానికి నలభై సెకన్లు.
ఎవరి రక్తమైనా నలభై సెకన్లే.
రక్తం లేకపోయినా.
రాత్రిళ్లు ఊడ్చే దస్తగిరమ్మ ఒకసారి
దాని మీద తడిగుడ్డ పిండితే
గుడ్డకు కూడా ఆరోగ్యం బాగుందనింది.

చప్పట్లు.
పన్నెండు లక్షల చెక్కు మీద నీలిమచ్చ పడింది.
రికార్డు కోసమని ఆయన చేతి నరం నుంచి తీసిన సీసాను
రాత్రి గోడ వెనక పాతదానికి ఇచ్చినాను.
మూడువందల పది.
కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను,
పొద్దున చెప్దామని.
పొద్దున జీతం పడింది.

కోటు ఎన్నిసార్లు ఉతికినానో.
కాగితం ముద్దయింది, అంకె కాలేదు.

కోర్టులో వాళ్ల వకీలు
అవన్నీ రేపటిని ఉద్దేశించి అన్న మాటలన్నాడు.
నాలుగో బోరు ఎండిన దినం ఎర్రిస్వామి
దుమ్ముకుప్ప పక్కనే గొంతుక్కూర్చున్నాడు,
కనురెప్పల దాకా తెల్లబడి.
"నా చెయ్యి తప్పిందన్నా" అన్నాడు.
టెంకాయ మీద నెపం పెట్టలేదు.

పోయిన మంగళవారం రాయదుర్గం బస్సెక్కినాను.
మిషన్లు పదకొండే తిరుగుతున్నాయి.
తిప్పేరుద్రప్ప కాలి బొటనవేలికి కట్టు.
పచ్చ లైటు వెలిగిన రోజే
మాత్రలు కాలవలో పారేసినాడంట.
అంకె చెప్పినాను. ఎప్పటినుంచి తెలుసో కూడా.
ఆయన గుండీల డబ్బాలో చెయ్యి పెట్టి
చాలాసేపు కలియబెట్టినాడు.

"ఇప్పుడు తెచ్చిన ఆ డబ్బీ?
అదన్నా నిజం చెప్తుందా?"

మందులషాపులో తొమ్మిదొందలకు దొరికే మీటరు.
ఏమని ఒట్టు వేసేది.
ముందు నా వేలు గుచ్చుకున్నాను.